మోకాలికి జోస్యం చెప్పే ముందు

మోకాళ్ల నొప్పితో వైద్యుడి దగ్గరకు వెళ్లినవారు ఎక్స్‌రే తీయించుకుని, రిపోర్టు చేతికి వచ్చాక అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: ఇది ఇంకా ఎంత ముదురుతుంది? చాలామందికి దొరికే జవాబు కూడా దాదాపు ఒక్కటే: గుజ్జు అరిగిపోయింది, ఇక అరుగుతూనే ఉంటుంది, చివరికి ఆపరేషన్ తప్పదు. చెప్పేవారు తేలిగ్గా చెప్పేస్తారు. వినేవారు ఆ బరువును మోసుకుని ఇంటికి వస్తారు.

వైద్య పరిశోధనల్లోని లెక్కలు సరిచూడడం నా వృత్తి. మోకాలి ఆస్టియోఆర్థ్రైటిస్, అంటే మోకాలి కీలు దెబ్బతినే ఈ జబ్బు, ఎవరిలో ముదురుతుంది, ఎవరిలో ఉన్నచోటే ఆగుతుంది అన్నది ముందే పసిగట్టడానికి జరుగుతున్న ప్రయత్నాలను చాలాకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. చదివిన కొద్దీ నాలో బలపడిన అభిప్రాయం ఇది: ఆ మూడు ముక్కల జవాబు సాక్ష్యం అనుమతించే దానికంటే చాలా దూరం వెళుతోంది. ఫలానా మనిషి మోకాలు అయిదేళ్ల తర్వాత ఎలా ఉంటుందో నిశ్చయంగా చెప్పగల శక్తి ఇవాళ ఏ వైద్యుడికీ లేదు, ఏ కంప్యూటర్‌కూ లేదు. లేని శక్తిని ఉన్నట్టు ధ్వనించే మాట మనిషిని కుర్చీకి అతుక్కుపోయేలా చేస్తుంది. కూర్చుండిపోయిన మనిషి కండ కరుగుతుంది, బరువు పెరుగుతుంది, మోకాలు మరింత నొస్తుంది. చెప్పిన జోస్యం అలా నిజమై కూర్చుంటుంది. నాకు కోపం తెప్పించేది అదే.

ముందుగా గ్రేడు సంగతి చూద్దాం. రిపోర్టులో గ్రేడు 2, గ్రేడు 3 అని కనిపించే ఆ అంకె 1957 నాటిది. మాంచెస్టర్‌లో పనిచేస్తున్న కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు వైద్యులు ఎక్స్‌రేలను సున్నా నుంచి నాలుగు వరకు అయిదు మెట్లుగా విడదీశారు. ఎముక అంచున బొడిపెలు స్పష్టంగా మొలిస్తే రెండు. ఎముకల మధ్య సందు కచ్చితంగా తగ్గితే మూడు. సందు బాగా మూసుకుపోయి, ఎముక గట్టిపడి, ఆకారం మారితే నాలుగు. జనాభాలో ఈ జబ్బు ఎంతమందికి ఉందో లెక్కగట్టడానికి అది మంచి సాధనం. ఇన్ని దశాబ్దాలు నిలిచిందంటే ఊరికే నిలవలేదు. కానీ అది ఉన్నదాన్ని వర్ణించే అంకె, రాబోయేదాన్ని చెప్పేది కాదు. ఒక్క ఫొటో చూసి అందులోని బండి ఆగి ఉందో, కదులుతోందో, ఎంత వేగంతో పోతోందో ఎలా చెప్పలేమో, ఒక్క ఎక్స్‌రే చూసి మోకాలి వేగాన్నీ అలాగే చెప్పలేం.

ఆ ఫిల్మును వెలుతురుకు పెట్టి కాస్త దగ్గరగా చూడండి. పైన తొడ ఎముక గుండ్రటి అంచులు రెండు, కింద కాలి ఎముక చదునైన అంచు, మధ్యలో నల్లటి చిన్న సందు. ఆరోగ్యమైన మోకాలిలో ఆ సందు సుమారు నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ నల్లటి భాగమే గుజ్జు, అంటే మృదులాస్థి అని చాలామంది అనుకుంటారు. ఎక్స్‌రేలో మృదులాస్థి కనిపించనే కనిపించదు. కనిపించేది రెండు ఎముకల మధ్య ఎడం మాత్రమే. ఆ ఎడంలో మృదులాస్థితో పాటు మెనిస్కస్ అనే నెలవంక ఆకారపు మెత్త కూడా ఉంటుంది. ఆ మెత్త చిరిగి పక్కకు జరిగినా సందు తగ్గుతుంది, మృదులాస్థి ఎక్కడిది అక్కడే ఉన్నా సరే. ఎక్స్‌రే తీసేటప్పుడు పడుకున్నారా, నిలబడ్డారా, మోకాలిని ఎంత వంచారు అన్నదాన్ని బట్టి కూడా ఆ ఎడం మారుతుంది. అందుకే పరిశోధనల్లో నిలబెట్టి, మోకాలిని ప్రతిసారీ ఒకే కోణంలో వంచి ఉంచే చట్రం వాడతారు. మామూలుగా తీయించుకునే ఎక్స్‌రేలో అంత పట్టింపు చాలాచోట్ల ఉండదు.

ఇక తగ్గుదల ఎంత? ఈ జబ్బు ఉన్నవారిలో ఆ సందు సగటున ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు, కాస్త ఎక్కువ తగ్గుతుంది. కొలతలో దొర్లే తేడాలే అంతకంటే ఎక్కువగా ఉండగలవు. అందుకే ఒక పెద్ద పరిశోధన, రెండు నుంచి నాలుగేళ్ల వ్యవధిలో 0.7 మిల్లీమీటర్లు తగ్గితేనే నిజంగా తగ్గినట్టు లెక్కించాలని హద్దు పెట్టుకుంది. నిరుటి ఫిల్మునూ ఈ ఏటి ఫిల్మునూ పక్కపక్కన పెట్టి "చూశారా, ఎంత అరిగిందో" అనే మాట విన్నప్పుడల్లా నాకు ఈ పదో వంతు మిల్లీమీటరు గుర్తొస్తుంది.

ఈ లెక్కలు నాకు కాగితం మీది లెక్కలుగానే మిగిలిపోయి ఉండేవేమో, మా అమ్మ విషయంలో ఆ మూడు ముక్కల జవాబు ఏం చేసిందో చూడకపోతే. ఆమె ఎడమ మోకాలు గ్రేడు 3 అని చెప్పిన వైద్యుడు రెండో వాక్యంలోనే ఆపరేషన్ గురించి మాట్లాడారు. మెట్లు ఎక్కొద్దు, నడక తగ్గించండి, ఉన్న గుజ్జును కాపాడుకోండి అన్నారు. అమ్మ దాన్ని అక్షరాలా పాటించింది. మోకాలిలో ఇన్ని అడుగులే మిగిలి ఉన్నాయని, ఒక్కొక్కటీ ఖర్చయిపోతోందని నమ్మింది. సాయంత్రం నడక మానేసింది. మేడ మీదికి వెళ్లడం మానేసింది. తప్పనిసరై మెట్లు దిగాల్సి వస్తే రెయిలింగు రెండు చేతులతో పట్టుకుని, పక్కకు తిరిగి, ముందు నొప్పి కాలు దించి, దాని పక్కనే రెండో కాలు ఆనించి, ఒక క్షణం ఆగి, మళ్లీ అదే. కొన్ని నెలల్లో ఆమె ఎడమ తొడ కుడి తొడకంటే సన్నబడడం చీర మీదుగా కూడా తెలిసేది. మోకాలు పాడైనందుకు కాదు, ఆ కాలును వాడనందుకు.

తర్వాత ఒక ఫిజియోథెరపిస్టు ఆమెను కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేపడంతో మొదలుపెట్టారు. ఎత్తు కుర్చీతో మొదలై మామూలు కుర్చీకి వచ్చారు. తొడ కండ తిరిగి గట్టిపడేకొద్దీ ఆమె భయం కూడా తగ్గింది. ఇప్పుడు మెట్లు ఎదురుగా తిరిగే దిగుతుంది. నొప్పి పూర్తిగా పోలేదు, పోయిందని నేను చెప్పడం లేదు. ఒక్క మనిషి అనుభవం రుజువు కాదని నా వృత్తే నాకు నేర్పింది. అయితే వ్యాయామం వల్ల నొప్పి తగ్గుతుందని, కదలిక మెరుగవుతుందని చూపిన ప్రయోగాలు కోకొల్లలు. నడక మానితే గుజ్జు మిగులుతుందన్న సలహాకు అలాంటి ఆధారం లేదు.

ఉండడానికి వీలు కూడా లేదు. మోకాలు చెప్పు అట్ట కాదు, నడిచిన కొద్దీ అరిగి పల్చబడిపోవడానికి. మృదులాస్థిలో రక్తనాళాలు ఉండవు. నడుస్తున్నప్పుడు బరువు పడి, తీసి, మళ్లీ పడుతూ ఉంటే కీలులోని ద్రవం దాని లోపలికీ బయటికీ కదులుతుంది, పోషకాలు దానితో పాటే వెళతాయి. మితమైన బరువు దానికి తిండి లాంటిదే. అందులో నరాలు కూడా ఉండవు, కాబట్టి నొప్పి అక్కడ పుట్టదు. దాని కింది ఎముకలో, కీలును కప్పిన పొరలో, చుట్టూ ఉన్న కణజాలంలో పుడుతుంది. ఇది కీలు మొత్తానికి సంబంధించిన జబ్బు. మృదులాస్థి ఒక్కదాన్నే చూస్తూ కూర్చుంటే మిగతా కీలంతా మన కళ్ల ముందు నుంచి జారిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. జబ్బు ముదరడం అంటే ఏది ముదరడం? ఎక్స్‌రే చిత్రమా, నొప్పా, లేక ఆపరేషన్ దాకా వెళ్లడమా? ఇవి మూడూ ఒకటే అన్నట్టు మాట్లాడతాం. ఒకటి కావు.

చిత్రానికీ నొప్పికీ పొత్తు ఎంత వదులుగా ఉంటుందో ఒక సమీక్ష 2008లో లెక్కతీసింది. మోకాలి నొప్పి ఉన్నవారిలో ఎక్స్‌రేలో జబ్బు కనిపించినవారు ఒక్కో అధ్యయనంలో ఒక్కో రకంగా, 15 నుంచి 76 శాతం దాకా ఉన్నారు. ఎక్స్‌రేలో జబ్బు ఉన్నవారిలో నొప్పి ఉన్నవారు 15 నుంచి 81 శాతం. ఇంత విశాలమైన అంతరం ఉన్నచోట, చిత్రం చూసి నొప్పిని ఊహించడం సాహసమే. ఎమ్మారై మరింత చూపిస్తుంది, అంతే మరింత తికమక పెడుతుంది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో యాభై ఏళ్లు దాటి, ఎక్స్‌రేలో ఈ జబ్బు ఛాయలు లేనివారికి ఎమ్మారై తీస్తే 89 శాతం మందిలో ఏదో ఒక లోపం కనిపించింది. అదే ఊరి ప్రజల మీద జరిగిన మరో అధ్యయనంలో, మెనిస్కస్ చిరిగినవారిలో 61 శాతం మందికి అంతకు ముందు నెలలో మోకాలి నొప్పి గానీ బిగుసుకుపోవడం గానీ లేనే లేవు.

అలాగని చిత్రానికి విలువే లేదనడం తొందరపాటు. ఒకే మనిషి రెండు మోకాళ్లను పోల్చి చూసిన పరిశోధన ఒకటి 2009లో వచ్చింది. ఒక మోకాలు నొస్తూ రెండోది నొప్పి లేకుండా ఉన్నవారిని తీసుకుంటే, ఎక్స్‌రేలో ఎక్కువ దెబ్బతిన్న మోకాలే ఎక్కువగా నొస్తోందని తేలింది. ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. ఇద్దరు వేర్వేరు మనుషుల్ని పోల్చితే వారి నిద్ర, మనసు, బరువు, నొప్పిని ఓర్చుకునే తీరు అన్నీ అడ్డొస్తాయి. ఒకే మనిషి రెండు మోకాళ్లకు అవన్నీ ఒకటే. అంటే ఎముక, మృదులాస్థి దెబ్బతినడం నొప్పికి నిజంగానే కారణం, కానీ ఆ నొప్పి ఎంత అన్నది తేల్చేవి ఇంకా చాలా ఉన్నాయి.

నొప్పి గమనం మరీ ఆశ్చర్యం. అమెరికాలో 2004 నుంచి 2006 మధ్య 45 నుంచి 79 ఏళ్ల వయసున్న 4,796 మందిని చేర్చుకుని, ఏళ్ల తరబడి వారి మోకాళ్లను గమనించిన ఆస్టియోఆర్థ్రైటిస్ ఇనీషియేటివ్ అనే మహా అధ్యయనం ఉంది. దాని సమాచారాన్ని ప్రపంచంలోని పరిశోధకులందరికీ తెరిచి ఉంచారు. ఈ రంగంలో ఇవాళ మనకు తెలిసినదానిలో పెద్ద భాగం అందులో స్వచ్ఛందంగా చేరినవారి మోకాళ్ల చలవే. ఆ సమాచారంలో జబ్బు ఉన్నవారి నొప్పిని ఆరేళ్ల పాటు అనుసరించిన విశ్లేషణ ఒకటి ఏం చెప్పిందంటే, కొందరికి మొదటి నుంచీ తక్కువ నొప్పి, కొందరికి మధ్యస్థం, కొందరికి ఎక్కువ. ఎవరు ఏ స్థాయిలో మొదలయ్యారో చాలావరకు ఆ స్థాయిలోనే కొనసాగారు. ఏటికేడాది ఆగకుండా దిగజారిపోయే దారి సాధారణం కాదు. అమ్మకు చెప్పిన జవాబులో ఉన్నది మాత్రం ఆ దారి ఒక్కటే.

వైద్యులకు ఎందుకు అలా అనిపిస్తుందో కూడా ఊహించగలను. నొప్పి ఎప్పుడూ ఒకేలా ఉండదు, పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మనం వైద్యుడి దగ్గరకు వెళ్లేది అది బాగా పెరిగిన రోజుల్లోనే. తగ్గాక ఎవరూ వెళ్లి తగ్గిందని చెప్పి రారు. రోజంతా జనాల్ని వారి చెడ్డ రోజుల్లోనే చూసే వైద్యుడికి ఈ జబ్బు దిగుడుబావి మెట్లలా కిందికే కనిపించడం సహజం.

మూడోది ఆపరేషన్. దీన్ని ముందే చెప్పగల పద్ధతులు మిగతావాటికంటే మెరుగ్గా పనిచేస్తున్నాయి. కారణం లేకపోలేదు. మోకాలి మార్పిడి జరగడం, జరగకపోవడం జబ్బు ఒక్కదాని చేతిలో లేదు. బీమా ఉందా, ఇంట్లో చూసుకునేవారు ఉన్నారా, శస్త్రవైద్యుడు తొందరపడే మనిషా, ఆగి చూసే మనిషా, రోగికి భయమా ధైర్యమా, ఇవన్నీ అందులో కలిసి ఉంటాయి. దాన్ని ముందే చెప్పిన యంత్రం జబ్బును చదివిందా, వైద్యుల అలవాటును చదివిందా? గ్రేడు చూసి వైద్యులు ఆపరేషన్ సూచిస్తుంటే, గ్రేడు చూసి ఆపరేషన్‌ను ఊహించే యంత్రం గొప్పగానే కనిపిస్తుంది.

ముప్పును పెంచేవాటిలో కొన్ని మనకు బాగానే తెలుసు. కాలు వంకర అందులో ముఖ్యమైనది. 2001లో వచ్చిన ఒక పరిశోధనలో, దొడ్డికాళ్లు ఉన్నవారికి మోకాలి లోపలి వైపు జబ్బు ఏడాదిన్నరలో ముదిరే అవకాశం నాలుగు రెట్లు ఎక్కువగా తేలింది. మోకాళ్లు లోపలికి ఒరిగినవారికి బయటి వైపు ముప్పు దాదాపు అయిదు రెట్లు. ఎమ్మారైలో మృదులాస్థి కింది ఎముకలో వాపు లాంటి మచ్చలు కనిపిస్తే అది కూడా చెడ్డ సూచనే. మోకాలికి పెద్ద గాయమైతే వయసుతో పని లేదు. మోకాలి లోపల ఉండే ఏసీఎల్ అనే లిగమెంటు తెగిన ఫుట్‌బాల్ క్రీడాకారిణులను 12 ఏళ్ల తర్వాత పరీక్షించగా, సగటున 31 ఏళ్ల వయసుకే వారిలో సుమారు సగం మంది ఎక్స్‌రేలో ఈ జబ్బు కనిపించింది.

బరువు విషయంలో మాత్రం ఒక పెద్ద వింత ఉంది, దాని దగ్గర కాస్త ఆగుతాను. అధిక బరువు వల్ల మోకాలికి ఈ జబ్బు రావడం గురించి సందేహమే లేదు. అయితే జబ్బు ఇప్పటికే ఉన్నవారిని తీసుకుని, వీరిలో ఎవరిది ముదురుతుంది అని వెతికితే, బరువు ప్రభావం చాలా అధ్యయనాల్లో బలహీనంగా కనిపించింది, కొన్నింటిలో కనిపించనే లేదు. కొందరు దీన్ని పట్టుకుని, జబ్బు వచ్చాక బరువు తగ్గి ప్రయోజనం లేదనే దాకా వెళ్లారు. అది తప్పు దారి. గ్రేడు 2 ఉన్న ఇద్దరిని ఊహించుకోండి. ఒకరు లావు, ఒకరు సన్నం. లావుగా ఉన్నవారికి జబ్బు ఎందుకొచ్చిందో చెప్పడానికి బరువు ఒక్కటే సరిపోవచ్చు. సన్నగా ఉన్నవారికి ఎందుకొచ్చింది? పాత గాయం ఉండొచ్చు, కాలి వంకర ఉండొచ్చు, వంశపారంపర్యం కావచ్చు. ఆ కారణం ఇంకా వారిని వెంటాడుతూనే ఉంటుంది. జబ్బు ఉన్నవారి గుంపులో సన్నటివారంతా ఇలా వేరే ముప్పులను మోస్తున్నప్పుడు, వారితో పోల్చి చూస్తే బరువు నిర్దోషిలా కనిపిస్తుంది. లెక్కల్లో ఇది పేరున్న ఉచ్చు. దీన్ని గుర్తించకుండా కట్టిన ప్రతి అంచనా పద్ధతీ ఎంతో కొంత వంకరగానే ఉంటుంది.

ఇక యంత్రాల మాట. ఎక్స్‌రేను కంప్యూటర్‌కు చూపించి, ఈ మోకాలు ముదురుతుందా అని అడిగే పద్ధతులు ఇటీవల వెల్లువలా వస్తున్నాయి. వాటి సత్తాను కొలిచే ఒక అంకె ఉంది. ముదిరేవారు ఒకరు, ముదరనివారు ఒకరు, ఇలా జంటలు జంటలుగా యంత్రానికి చూపిస్తే వందలో ఎన్ని జంటల్లో సరైనవారికి ఎక్కువ ముప్పు అని చెప్పింది? బొమ్మా బొరుసా వేసినా యాభై వస్తుంది. వంద వస్తే సర్వజ్ఞత. 2019లో ఫిన్లండ్ పరిశోధకులు ముందుండి చేసిన ఒక మంచి ప్రయత్నంలో ఎక్స్‌రే చిత్రమూ, రోగి వివరాలూ కలిపి చూసిన యంత్రానికి 79 వచ్చింది. వయసు, లింగం, బరువు, పాత గాయాలు, లక్షణాలు, గ్రేడు వంటివి మాత్రమే వాడిన మామూలు లెక్కకు 75 వచ్చింది. ఆ నాలుగు కష్టపడి సంపాదించినవే, వాటిని నేను చులకన చేయను. కానీ ఆ 75 మాట వార్తల్లో ఎక్కడా కనిపించదు. వైద్యుడు ఓపికగా అయిదు నిమిషాలు అడిగి తెలుసుకునే విషయాలే యంత్రం చేసే పనిలో అధిక భాగం చేసేస్తున్నాయని పాఠకుడికి ఎవరూ చెప్పరు.

కష్టతరమైన పరీక్ష మరొకటి జరిగింది. ఇంకా జబ్బు రాని మోకాళ్ల ఎక్స్‌రేలు, ఎమ్మారైలు ఇచ్చి, ఆరున్నరేళ్ల లోపు లక్షణాలతో సహా ఎవరికి వస్తుందో చెప్పమని నోవాప్ 2020 పేరుతో పరిశోధక బృందాలకు పోటీ పెట్టారు. యంత్రాలు ముందెన్నడూ చూడని అధ్యయనం నుంచి ఆ మోకాళ్లను తెచ్చారు. అన్నింటిలోకి మెరుగైన ఫలితం 64. ప్రపంచంలోని సమర్థులు, ఎమ్మారైలు చేతిలో ఉంచుకుని, నాణెం కంటే పద్నాలుగు జంటలు ఎక్కువ సరిగ్గా చెప్పగలిగారు. ఈ పోటీని నిర్వహించినవారిని మెచ్చుకోవాలి, ఆ అంకెను దాచకుండా ప్రకటించినందుకు. ఆ అంకె తెలిసినవారెవరూ రోగి ముందు కూర్చుని "తప్పదు" అనలేరు.

యంత్రాల వల్ల నాకు నిజమైన ఆశ కలిగించిన పని వేరొకటి. 2021లో అమెరికాలో ఒక బృందం యంత్రానికి గ్రేడు నేర్పడం మానేసి, ఎక్స్‌రే చూసి రోగి చెప్పిన నొప్పిని ఊహించమంది. నల్లజాతి రోగులు తమకు నొప్పి ఎక్కువని చెబుతుంటే, గ్రేడులో మాత్రం ఆ తేడా కనిపించేది కాదు. కాబట్టి ఆ నొప్పి మోకాలిలో కాదు, మనసులోనో బతుకు ఒత్తిడిలోనో ఉందని సర్దిచెప్పుకునేవారు. గ్రేడు ఆ తేడాలో 9 శాతాన్ని మాత్రమే వివరించగా, ఈ కొత్త యంత్రం 43 శాతాన్ని వివరించింది. అంటే మోకాలిలోనే ఏదో ఉంది. 1957 నాటి మెట్లు దాన్ని చూడలేకపోయాయి, అంతే. రోగి చెప్పినదాన్ని సత్యంగా తీసుకుని మొదలుపెట్టినప్పుడు యంత్రం కొత్తది చూసింది. గ్రేడునే సత్యంగా తీసుకున్నప్పుడు పాతదాన్నే వేగంగా వల్లించింది. ఈ రంగం వెళ్లాల్సిన దిక్కు ఇదేనని నా గట్టి నమ్మకం.

ఇంతా చెప్పాక, ముందస్తు అంచనాలే వద్దంటున్నానని ఎవరైనా అనుకుంటే అది నా ఉద్దేశం కాదు. కొత్త మందులను పరీక్షించేవారికి అవి ప్రాణావసరం. జబ్బు గమనాన్నే మార్చే మందుగా ఆమోదం పొందినది ఈ జబ్బుకు ఇంతవరకు ఒక్కటీ లేదు. ప్రయోగంలో చేరినవారిలో అత్యధికుల మోకాళ్లు రెండేళ్లలో ఎలాగూ మారకపోతే, మంచి మందు కూడా పనికిరానిదిలా కనిపిస్తుంది. త్వరగా ముదిరేవారిని కాస్తయినా ఎక్కువగా చేర్చుకోగలిగితే ప్రయోగం నిలబడుతుంది. ఐరోపాలో అప్రోచ్ అనే అధ్యయనం 297 మందిని యంత్రం సాయంతో ఎంపిక చేసుకున్నది ఇందుకే. గుంపును ఎంచుకోవడానికి 70, 75 ఎంతో విలువైనవి. అదే అంకె ఒక మనిషి భవిష్యత్తును ఆమె ముఖం మీద చెప్పడానికి చాలదు. వందలో ముప్పై మందికి ముదురుతుందని తెలుసుకోవడం వేరు, ఎదురుగా కూర్చున్నావిడ ఆ ముప్పైలో ఉందో లేదో తెలియడం వేరు.

వేగంగా ముదిరే మోకాళ్లు లేకపోలేదు. కొద్దిమందిలో నాలుగేళ్ల లోపే ఏమీ లేని స్థితి నుంచి చివరి దశకు చేరుతుంది. ఉన్నట్టుండి నొప్పి పెరిగినా, కీలు వాచినా, మోకాలు మధ్యలో పట్టేసి కదలకపోయినా, రాత్రి నిద్ర లేపేంత నొప్పి వచ్చినా ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. ఆపరేషన్‌కు నేను వ్యతిరేకిని కూడా కాదు. అన్నీ ప్రయత్నించినా నడక కుంటుపడినవారికి మోకాలి మార్పిడి వరం. కాకపోతే ఆపరేషన్ తర్వాత కూడా దాదాపు అయిదుగురిలో ఒకరికి చెప్పుకోదగ్గ నొప్పి మిగులుతోందన్న సంగతి ఆ వరంతో పాటే చెప్పాలి.

"రోగికి మెత్తగా చెబితే బరువు తగ్గరు, భయపెడితేనే వింటారు" అనే వాదన వైద్యుల నుంచి విన్నాను. నేను ఒప్పుకోను. భయపడిన మనిషి కూర్చుంటుంది, కదలదు. మనిషిని కదిలించేది తన చేతిలో ఏముందో తెలియడం. ఆ తెలియజెప్పడానికి గట్టి ఆధారాలే ఉన్నాయి. బరువు ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద పడే భారం నాలుగు కిలోల మేర తగ్గుతుందని 2005లో కొలిచి చూపించారు. 2013లో వెలువడిన ఐడియా అనే ప్రయోగంలో 454 మంది ఏడాదిన్నర పాటు పాల్గొన్నారు. ఆహార నియమం, వ్యాయామం రెండూ పాటించినవారు సగటున పదకొండు శాతం బరువు తగ్గారు, ఒకటే పాటించినవారికంటే వారి నొప్పి బాగా తగ్గింది. ఆ ప్రయోగంలోనే తర్వాత ఎక్స్‌రేలు, ఎమ్మారైలు పోల్చి చూశారు. చిత్రాల్లో గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. మళ్లీ చదవండి. మనుషులు మెరుగయ్యారు, ఫొటోలు మెరుగవలేదు. దీనికి సరిగ్గా ఎదురుగా స్ప్రిఫెర్మిన్ అనే మందు మృదులాస్థి మందాన్ని కాస్త పెంచింది, నొప్పిని మాత్రం ఉత్తుత్తి మందుకంటే ఎక్కువగా తగ్గించలేకపోయింది. ఫొటో మెరుగయింది, మనిషి మెరుగవలేదు.

ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టుకున్నాక కూడా ఎక్స్‌రేలోని సందునే ముందే చెప్పాల్సిన ముఖ్య విషయంగా భావించడం నాకు అర్థం కాదు. బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ అనే మందు మీద జరిగి, 2024లో వెలువడిన ప్రయోగం కూడా ఇదే దారిలో ఉంది. ఊబకాయం, మోకాలి నొప్పి రెండూ ఉన్న 407 మందిలో మందు తీసుకున్నవారి నొప్పి వంద పాయింట్ల కొలబద్ద మీద సుమారు 42 పాయింట్లు తగ్గింది, ఉత్తుత్తి మందు తీసుకున్నవారికి సుమారు 27. రెండో అంకెను తేలిగ్గా దాటిపోకండి. అసలు మందు లేకుండానే, సలహాలతో, కాలంతో, చెడ్డ రోజులు గడిచిపోవడంతో అంత తగ్గింది. ఇక అరుగుతూనే ఉంటుంది అన్న వాక్యంలో ఆ 27 పాయింట్లకు చోటేది?

మరి వైద్యుడు ఏం చెప్పాలి? నా ఉద్దేశంలో ఇలా చెబితే చాలు: "అమ్మా, మీ మోకాలిలో మార్పులు ఉన్నాయి, నొప్పి నిజమైనదే. ఇలాంటి మోకాలు ఉన్నవారిలో ఎక్కువమందికి రాబోయే కొన్నేళ్లు నొప్పి ఇప్పటిలాగే హెచ్చుతగ్గులతో ఉంటుంది. కొందరికి తగ్గుతుంది. కొందరికి పెరుగుతుంది. మీరు ఎవరిలో ఉంటారో ఎక్స్‌రే చెప్పదు. మీ కాలి తీరు, బరువు, పాత గాయాలు చూసి ముప్పు ఎక్కువో తక్కువో మాత్రం చెప్పగలను. తొడ కండ పెంచడం, బరువు తగ్గడం మీ చేతిలో ఉన్నాయి. నడవండి. ఆరు నెలల తర్వాత ఎక్స్‌రే వద్దు, మెట్లు ఎలా ఎక్కుతున్నారో వచ్చి చెప్పండి." ఇందులో అబద్ధపు భరోసా ఒక్కటీ లేదు. చెప్పడానికి నిమిషం పట్టదు. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ అనే సంస్థ మార్గదర్శకాల ప్రకారమైతే 45 ఏళ్లు దాటి, పని చేసినప్పుడు నొప్పి వస్తూ, పొద్దున బిగుసుకుపోవడం అరగంటకు మించనివారికి జబ్బును గుర్తించడానికి మామూలుగా ఎక్స్‌రేనే అవసరం లేదు.

పరిశోధకులకూ ఒక విన్నపం ఉంది. ఏది ముందే తెలుసుకోవాలని ఉందో రోగులను అడగండి. ఇంకో మూడేళ్లు ఈ ఉద్యోగం చేయగలనా, మనవణ్ని ఎత్తుకోగలనా, రాత్రి నిద్ర పడుతుందా, ఒంటరిగా ప్రయాణం చేయగలనా అంటారు. పదో వంతు మిల్లీమీటరు గురించి ఎవరూ అడగరు. నడక వేగం, కుర్చీలోంచి లేచే తీరు, మెట్లు ఎక్కే తీరు కొలవడం ఎమ్మారై కంటే ఎంతో తేలిక. వాటి గమనాన్ని ముందే చెప్పే పద్ధతుల మీద పెట్టే శ్రమ, సందు కొలతల మీద పెడుతున్న శ్రమతో పోలిస్తే ఇప్పటికీ చాలా తక్కువ.

ఎక్స్‌రే తీయగానే భవిష్యత్తును అంకెగా అచ్చువేసే సాఫ్ట్‌వేర్లు ఆస్పత్రుల్లోకి వస్తాయి, కొన్నిచోట్ల దారి పట్టాయి కూడా. అలా అచ్చయ్యే ప్రతి అంకె పక్కన మూడు విషయాలు ఉండాలని నేను పట్టుబడతాను: ఈ అంకె చెబుతున్నది చిత్రం గురించా, నొప్పి గురించా, ఆపరేషన్ గురించా; ఎన్నేళ్ల వ్యవధికి; ఏ ప్రజల మోకాళ్ల మీద పరీక్షించారు. ఈ మూడూ లేని అంకెను రోగి చేతికి ఇవ్వకూడదు. ఇస్తే, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందని అడిగే హక్కు రోగికి ఉంది, జవాబు చెప్పే బాధ్యత ఇచ్చినవారిది.